పప్పు మాడిన పాఠం

సొరపేట రేవులో ఐసు ఫ్యాక్టరీ గరికిన వాళ్ళది. అన్నదమ్ములు ముగ్గురు. పెద్దవాడు తాతారావు, నడిపివాడు పోలయ్య, కడగొట్టువాడు ఎల్లాజీ. తాతారావు పెళ్ళాం బంగారమ్మ. ఈ నలుగురికీ తమ తెలివి మీద అంతులేని నమ్మకం. ఒకసారి పంచాయితీ ప్రెసిడెంటు వాళ్ళతో వేగలేక, "మీ బుర్రలు బుర్రలు కావయ్యా, ఐసుగడ్డలు" అన్నాడు. తాతారావు పొంగిపోయాడు. గబగబా ఇంటికొచ్చి పెళ్ళాంతో చెప్పాడు.

"చూశావటే, ప్రెసిడెంటుగారే ఒప్పుకున్నారు. ఐసుగడ్డంటే ఏంటి? గట్టిగా ఉంటది, తెల్లగా ఉంటది, చూస్తే అడుగు దాకా కనపడతది. మన బుర్రలు అలాంటియ్యంట."

"అయితే ఎండలో తిరక్కు మావా, కరిగిపోద్ది" అంది బంగారమ్మ.

అంతే. ఆ రోజు నుంచి నలుగురిలో ఒక్కరు కూడా గొడుగు లేకుండా గుమ్మం దాటలేదు.

ఇలా ఉండగా, ఫ్యాక్టరీల భద్రత చూసే ఆఫీసు నుంచి సౌదామిని గారని ఒక మేడం వచ్చింది. ఐసు కట్టాలంటే అమ్మోనియా గ్యాసు కావాలి. అది గొట్టాల్లో ఉన్నంతసేపూ మంచిదే. బయటికొచ్చిందంటే కళ్ళు మండుతాయి, ఊపిరాడదు, ఆలస్యమైతే మనిషి దక్కడు. పక్క జిల్లాలో ఎక్కడో అలా లీకై జనం ఆసుపత్రి పాలయ్యారని పేపర్లో వచ్చింది. దాంతో ఆఫీసులో కదలిక పుట్టింది. గోడల మీద జాగ్రత్తలు రాయించి చూశారు, ఎవరూ చదవలేదు. కాగితాలు పంచి చూశారు, వాటిలో చేపలు చుట్టుకున్నారు. ఆఖరికి మేడం అగ్గిపెట్టంత రికార్డరు ఒకటి పట్టుకొచ్చింది.

"ఇది మనం మాట్లాడింది దాచుకుంటుంది. మీట నొక్కితే తిరిగి చెబుతుంది" అంది మేడం. "ఇదివరకు మీటింగుల్లో వాడేవాళ్ళు. ఇప్పుడు పని నేర్పడానికీ, ప్రమాదాలు తప్పించడానికీ వాడుతున్నాం. ఒకడు డ్యూటీ దిగేటప్పుడు ఏం జరిగిందో దీనికి చెప్పిపోతే, ఎక్కేవాడు విని జాగ్రత్తపడతాడు. కొత్తవాడు పాతవాడి మాట విని పని నేర్చుకుంటాడు."

"మా నాన్న కూడా ఇంతేనండి" అన్నాడు పోలయ్య. "చెప్పిందే మళ్ళీ మళ్ళీ చెప్పేవోడు. కాకపోతే ఆయనకి మీట ఉండేది కాదండి. ఆపడం కుదిరేది కాదు."

మేడం గొంతు సవరించుకుని రికార్డరులో పాఠం మొదలెట్టింది. గ్యాసు వాసన వస్తే ముక్కుకి తడి బట్ట కట్టుకోమంది. అంతలో ఆవిడ ఫోను మోగింది. వాళ్ళ అమ్మగారు. లోపల సిగ్నల్ అందక మేడం చేతిలో రికార్డరు పట్టుకునే రోడ్డు దాకా నడిచింది. దాన్ని ఆపడం మర్చిపోయింది. మాట్లాడి వచ్చి మిగతా పాఠం పూర్తి చేసి, రికార్డరు తాతారావు చేతిలో పెట్టింది.

"రోజూ పొద్దున్నే ఇది అందరికీ వినిపించండి. ఇందులో ఉన్నది ఉన్నట్టు, ఒక్క ముక్క పొల్లుపోకుండా చెయ్యండి. మీ సొంత తెలివి మాత్రం వాడొద్దు. ఇంకో మాట, దీనికి ఎండ తగలనివ్వకండి, చల్లటి చోట పెట్టండి. లోపలున్న మాటలు పాడైపోతే మళ్ళీ దొరకవు."

మేడం వెళ్ళిపోయింది. నలుగురూ ఆలోచించారు.

"రేవులో మన ఫ్యాక్టరీ కంటే చల్లటి చోటు ఏముంది?" అన్నాడు తాతారావు.

"మన ఫ్యాక్టరీలో ఐసు డబ్బా కంటే చల్లటి చోటు ఏముంది?" అన్నాడు పోలయ్య.

"చేప ఐసులో ఉంటేనే పాడవదు. మాటెంత?" అన్నాడు ఎల్లాజీ.

ఇంకేముంది, రికార్డరుని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, మూతి బిగించి, ఐసు కట్టే రేకు డబ్బాలో నీళ్ళల్లో దించేశారు. తెల్లారేసరికి అది గడ్డ మధ్యలో, అద్దాల బీరువాలో బొమ్మలా చక్కగా కూచుంది. ముగ్గురూ దాన్ని చూసి మురిసిపోయి, గొడుగులేసుకుని టీ తాగడానికి పోయారు. వాళ్ళొచ్చేలోపు ఎత్తుడు కూలీలు గడ్డలన్నీ ఎత్తి అమ్మేశారు.

ఆ గడ్డ చేపలమ్మే చిన్నమ్మలు ఆటోలో పడింది. చిన్నమ్మలు టౌను మార్కెట్లో గడ్డ పగలగొట్టి వంజరం ముక్కల మీద పరిచింది. ఐసులోంచి రికార్డరు బయటపడితే, ఎవరిదో ఫోను అనుకుని మీట నొక్కింది. బుట్టలోంచి మేడం గొంతు వినపడింది.

"వాసన వస్తే వెంటనే ముక్కుకి తడి బట్ట కట్టుకోండి."

కొనడానికొచ్చిన పెద్దమనిషి చేతిలో ముక్క వదిలేశాడు.

"నిన్నటి సరుకు కాదు బాబూ, పొద్దుటిదే" అంది చిన్నమ్మలు.

"వాసన ఎక్కువైతే అక్కడ ఒక్క క్షణం కూడా ఉండకండి" అంది బుట్ట.

"నీ చేపలే చెబుతున్నాయి కదమ్మా" అని ఆయన వెళ్ళిపోయాడు. ఆయన వెనకాల ఇంకా నలుగురు వెళ్ళిపోయారు. ఆ రోజు చిన్నమ్మలు బేరం నాశనం. మధ్యాహ్నానికల్లా రికార్డరు పట్టుకుని ఫ్యాక్టరీ మీదకొచ్చింది.

"నా చేపల పరువు తీశారు. అసలు మీకు బుద్ధుందా?" అంది.

"ఉందప్పా" అన్నాడు తాతారావు, గొడుగు కిందికి జరిగి. "ఎండగా ఉందని బయటికి తియ్యట్లేదు."

చిన్నమ్మలు రికార్డరు అతని చేతిలో పడేసి, చరచరా వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి డ్యూటీ సంగతులు చెప్పడం మొదలైంది. పోలయ్యది పగటి డ్యూటీ, ఎల్లాజీది సాయంత్రం డ్యూటీ. మేడం ఏం జరిగిందో చెప్పమంది కదా అని పోలయ్య పొద్దున్నే రికార్డరు ముందు కూచున్నాడు. "ఇప్పుడు కూచున్నాను. కాలు దురదపెట్టింది, గోక్కున్నాను. కాకి అరిచింది. ఇప్పుడు మళ్ళీ కాలు దురదపెడుతోంది, ఇది రెండో కాలు." ఇలా డ్యూటీ అయిందాకా చెబుతూనే ఉన్నాడు. సాయంత్రం ఎల్లాజీ వచ్చాడు. వినందే పని మొదలెట్టకూడదు కదా. పోలయ్య ఎంతసేపు చెప్పాడో అంతసేపూ విన్నాడు. అతని డ్యూటీ కూడా అయిపోయింది.

ఒకడు చెప్పడం, ఒకడు వినడం. ఐసు కట్టేవాడు లేడు. పడవల వాళ్ళు వచ్చి గేటు దగ్గర గోల పెట్టారు. తాతారావు మేడంకి ఫోను చేశాడు.

"అన్నీ చెప్పక్కర్లేదండీ" అంది మేడం. "ప్రమాదం జరగబోయి తప్పిపోయిన సంగతులు చెబితే చాలు."

అంతే. పోలయ్య మళ్ళీ కూచున్నాడు. "ఇయ్యాల నా నెత్తిన కొబ్బరికాయ పడలేదు. ఎందుకంటే నేను కొబ్బరిచెట్టు కిందికి పోలేదు. లారీ గుద్దలేదు. పాము కరవలేదు. సముద్రం లోపలికి రాలేదు. పిడుగు పడలేదు, మబ్బే లేదు." తప్పిపోయిన ప్రమాదాలకి అంతెక్కడ? అతను చెబుతూనే ఉన్నాడు. ఎల్లాజీ వింటూ, ఒక్కో ప్రమాదానికీ గుండె మీద చెయ్యేసుకుని, "అమ్మయ్య" అంటూ ఉన్నాడు.

ఆఖరికి బంగారమ్మ మధ్యలో కలగజేసుకుంది. "బావా, నువ్వు ఐసు కడతా చెప్పు. చిన్నబావా, నువ్వు ఐసు కడతా విను. మేడంగారు కూచోమని అన్లేదుగా" అంది. ముగ్గురూ ఆమె తెలివికి నోరెళ్ళబెట్టారు. అలా ఫ్యాక్టరీ మళ్ళీ నడిచింది.

కానీ అసలు సంగతి పొద్దుటి పాఠం. గేటు గదిలో మైకు సెట్టుంది, బయట స్తంభానికి పెద్ద మైకు ఉంది. పోలయ్య పొద్దున్నే ఆ గదిలో రికార్డరుని మైకుకి తగిలించేవాడు. ముందు మేడం గొంతు సవరించుకునేది. లోపల కూలీలతో సహా అందరూ గొంతు సవరించుకునేవాళ్ళు. "ముక్కుకి తడి బట్ట కట్టుకోండి" అనగానే అందరూ కట్టుకునేవాళ్ళు. తర్వాత ఫోను మోగేది.

"ఆ, అమ్మా, వినపడట్లేదు. ఇక్కడ సిగ్నల్ లేదు, బయటికెళ్ళి మాట్లాడతాను ఉండు" అనేది మైకు.

అందరూ చెవి మీద చెయ్యేసుకుని వరసగా రోడ్డు మీదికొచ్చేవాళ్ళు.

"ఆ, ఇప్పుడు చెప్పు. పప్పు మాడిందా? పొయ్యి ఆపెయ్యి. నీళ్ళు పొయ్యకు, ఇంకా పాడవుద్ది. సరే, నేను లోపలికెళ్తున్నా" అనేది మైకు.

గరికిన వాళ్ళిల్లు రోడ్డుకి అవతలే. పాఠం తప్పకూడదని బంగారమ్మ రోజూ ముందుగానే పొయ్యి మీద కందిపప్పు పెట్టి మాడ్చేది. మైకు "పొయ్యి ఆపెయ్యి" అనగానే పరిగెత్తి ఆపేది. అప్పుడు అందరూ మళ్ళీ లోపలికెళ్ళి మిగతా పాఠం వినేవాళ్ళు. ఒకరోజు పప్పు మాడకుండా చక్కగా ఉడికితే తాతారావు భార్యని కోప్పడ్డాడు. "రేపేదైనా జరిగితే ఎవరిది బాధ్యత?" అన్నాడు. ఆ ఇంట్లో ఆ పాఠం వచ్చాక మంచి పప్పు తిన్నవాళ్ళు లేరు.

పాఠంలో ఇంకో ముక్క ఉంది. గ్యాసు లీకైతే గాలికి ఎదురుగా వెళ్ళమంది మేడం. రోజూ గాలి ఎటు నుంచొస్తుందో ఎవరికి తెలుసు? అందుకని ఎల్లాజీ టేబులు ఫ్యాను తెచ్చి మిషను పక్కనే పెట్టాడు. అందరూ ఫ్యానుకి ఎదురుగా నడిచి, ముక్కులు దానికి ఆనించి, భద్రంగా నిలబడేవాళ్ళు.

ఫ్యాక్టరీ వెనక రొయ్యలు ఒలిచే షెడ్డుంది. అక్కడ పనిచేసే ఆడవాళ్ళకి ఈ పాఠం రోజూ వినోదం. మైకులో ఫోను మోగడమే ఆలస్యం, చేతుల్లో రొయ్యలు వదిలేసి, ఈ ఊరేగింపు చూడ్డానికి పొలోమని రోడ్డు మీదికొచ్చేసేవాళ్ళు. బంగారమ్మ పరిగెడుతుంటే కొంగులు నోటికడ్డం పెట్టుకుని నవ్వుకునేవాళ్ళు.

కొన్నాళ్ళకి మేడం ఫోను చేసి, "నిజంగా ప్రమాదం వస్తే అందరికీ తెలియాలి. మీ గొంతుతోనే ఒక హెచ్చరిక రికార్డు చేసి ఉంచండి. గ్యాసు లీకైంది, అందరూ బయటికి రండి అని చెప్పండి" అంది తాతారావుతో.

తాతారావు రికార్డరు ముందు నిలబడి ఆగిపోయాడు.

"ఒరేయ్, ఇప్పుడు గ్యాసు లీకైందా?"

"లేదన్నియ్యా" అన్నాడు పోలయ్య.

"మరి అయిందని ఎలా చెబుతాను? అబద్ధం ఆడితే మేడంగారి పెట్టెకి చెడ్డపేరు రాదా?"

అందరూ ఒప్పుకున్నారు. తాతారావు గొంతు సవరించుకుని నిజం చెప్పాడు. "గరికిన వాళ్ళ ఐసు ఫ్యాక్టరీలో గ్యాసు ఏమీ లీకవ్వలేదు. అందరం కులాసా. ఎవరి పని వాళ్ళు చేసుకోండి." డ్యూటీ సంగతులు ఏ రోజువి ఆ రోజు చెరిపేసేవాళ్ళు కాబట్టి, రికార్డరులో పాఠం మొదటిది, ఈ హెచ్చరిక రెండోది.

ఒకరోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక, మిషను దగ్గర గ్యాసు వాల్వు నట్టు కాస్త వదులైనట్టు ఎల్లాజీకి కనపడింది. పాఠంలో దాని సంగతి కూడా ఉంది. రికార్డరు తెచ్చి గోడ మేకుకి తగిలించి, ఆ ముక్క పెట్టి, స్పానరు పట్టుకున్నాడు.

"నట్టు వదులైతే కొంచెం బిగించండి" అంది మేడం గొంతు.

ఎల్లాజీ కొంచెం బిగించాడు. సరిగ్గా అప్పుడే బంగారమ్మ, పెట్టె మీద దుమ్ముందని కొంగుతో తుడిచింది. ఆ రికార్డరుకి ఒక మీటుంది. అది నొక్కుకుందంటే అన్న ముక్కే మళ్ళీ మళ్ళీ అంటుంది. అది కాస్తా నొక్కుకుంది.

"కొంచెం బిగించండి" అంది పెట్టె.

ఎల్లాజీ ఇంకొంచెం బిగించాడు.

"కొంచెం బిగించండి."

"బిగించానండి" అన్నాడు ఎల్లాజీ.

"కొంచెం బిగించండి."

ఎల్లాజీకి చెమటలు పట్టాయి. "అన్నియ్యా, ఈవిడకి ఎంత బిగించినా ఆనట్లేదు" అన్నాడు. తాతారావు, పోలయ్య కూడా వచ్చి స్పానరు మీద చెయ్యేశారు. పెట్టె అడుగుతూనే ఉంది, ముగ్గురూ కలిసి బిగిస్తూనే ఉన్నారు. ఆఖరికి టప్పుమని నట్టు విరిగింది. బుస్సుమని గ్యాసు తన్నుకొచ్చింది.

"ఇప్పుడు సరిపోయినట్టుంది" అన్నాడు పోలయ్య.

కళ్ళు మండాయి. ముక్కులు కారాయి. లోపల ఐసు ఎత్తే కూలీలు దగ్గడం మొదలెట్టారు. వాసన గోడ దాటి వెనక రొయ్యల షెడ్డు దాకా పోయింది. అక్కడ ఆడవాళ్ళు ఉలిక్కిపడి లేచారు. తాతారావు రికార్డరు లాక్కుని గేటు గదికి పరిగెత్తి, మైకుకి తగిలించి రెండోది నొక్కాడు.

"గరికిన వాళ్ళ ఐసు ఫ్యాక్టరీలో గ్యాసు ఏమీ లీకవ్వలేదు. అందరం కులాసా. ఎవరి పని వాళ్ళు చేసుకోండి" అని మైకు ఊరంతా వినపడేలా చెప్పింది.

రొయ్యల షెడ్డులో లేచినవాళ్ళు, ఏ ఉప్పుచేపల వాసనో అనుకుని మళ్ళీ కూచున్నారు. కూలీలు దగ్గుతూనే గడ్డలెత్తుతున్నారు.

వెనకే వచ్చిన పోలయ్య కళ్ళు తుడుచుకున్నాడు. "అన్నియ్యా, నా కళ్ళంట నీళ్ళు కారుతున్నాయి. కానీ నాకు ఏడుపు రావట్లేదు."

"పెట్టె ఏమీ లేదంటోంది. ముక్కు ఉందంటోంది. ఎవరి మాట వినాలి?" అన్నాడు తాతారావు.

"మేడంగారు పెట్టె మాటే వినమన్నారు. ముక్కు సంగతి చెప్పలేదు" అంది బంగారమ్మ దగ్గుతూ.

"నా ముక్కు ఎప్పుడూ అబద్ధమాడలేదు వదినా" అన్నాడు ఎల్లాజీ. వాడు అంతదాకా ఎదురు మాట్లాడి ఎరగడు. వాడి మొహం తెల్లగా పాలిపోయింది. "ఏదోటి చెయ్యండి. నాకు ఊపిరాడట్లేదు."

తాతారావుకి తమ్ముణ్ణి చూస్తే మొదటిసారి భయం వేసింది. వెంటనే మొదటిది నొక్కాడు. మైకులో మేడం గొంతు సవరించుకుంది. నలుగురూ దగ్గుల మధ్యే గొంతు సవరించుకున్నారు. తడి బట్టలు కట్టుకున్నారు. లోపల కూలీలు కూడా కట్టుకున్నారు. ఫోను మోగింది.

"ఇక్కడ సిగ్నల్ లేదు, బయటికెళ్ళి మాట్లాడతాను ఉండు."

అంతే. అందరూ చెవుల మీద చేతులేసుకుని వరసగా రోడ్డు మీదికొచ్చేశారు. కూలీలు మొత్తం వచ్చేశారు. ఎల్లాజీ ఫ్యాను కూడా చంకనేసుకొచ్చాడు. రొయ్యల షెడ్డులో ఆడవాళ్ళు, ఇవాళ రెండో ఆట కూడా వేశారని చేతుల్లో పని వదిలేసి రోడ్డు మీదికి ఉరికారు. ఒక్కరు కూడా లోపల మిగల్లేదు. రోడ్డు సముద్రం వైపుంది. సముద్రం గాలి గ్యాసుని ఊరి బయట ఉప్పుమడుల మీదికి తోసేస్తోంది. వాళ్ళ ముక్కులకి మంచి గాలి తగిలింది. ఎల్లాజీ మోకాళ్ళ మీద కూలబడి గుండెల నిండా పీల్చుకున్నాడు.

"పప్పు మాడిందా? పొయ్యి ఆపెయ్యి. సరే, నేను లోపలికెళ్తున్నా" అంది మైకు.

అందరూ వెనక్కి తిరిగారు. కూలీల్లో ముందున్నవాడు అప్పుడే గేటు దాటబోతున్నాడు.

"ఆగండి" అని బంగారమ్మ గట్టిగా అరిచింది. "పప్పు మాడలేదు. అసలు పొయ్యి మీద పెట్టలేదు. అన్నాలు తినేశాం కదా."

"పప్పు మాడకుండా లోపలికెలా వెళ్తాం? పాఠం తప్పు కాదూ?" అన్నాడు తాతారావు. పోలయ్యని పంపి రికార్డరు ఆపించాడు. బంగారమ్మ పరుగున ఇంట్లోకెళ్ళి కందిపప్పు కడిగి ఎసట్లో పోసింది. జనమంతా రోడ్డు మీద నిలబడి పప్పు మాడటం కోసం ఎదురు చూడ్డం మొదలెట్టారు.

కందిపప్పు ఉడకడానికే బోలెడంతసేపు పడుతుంది. మాడటానికి ఇంకా పడుతుంది. ఈలోపు అటు వచ్చిన చిన్నమ్మలు వాసన పట్టి, సంగతి గ్రహించి, ఫైరు స్టేషనుకి ఫోను చేసింది. ఫైరింజను వచ్చేసింది. ఆఫీసరు కిందికి దూకాడు.

"లోపల ఎవరైనా ఉన్నారా?"

"గ్యాసు ఉందండి" అన్నాడు తాతారావు.

"మనుషులు ఉన్నారా అని అడుగుతున్నాను."

"మనుషులుంటే దాన్ని అంతసేపు బయట తిరగనిస్తారాండి?"

"వాల్వు ఎక్కడుంది?"

"నేను చూసినప్పుడు గోడ పక్కనుందండి. ఇప్పుడు చూడట్లేదు కదా, చెప్పలేను."

ఆఫీసరు తన మనుషులకి ముసుగులు తగిలించి లోపలికి పంపాడు. వాళ్ళు వెతుక్కుని, పెద్ద వాల్వు కట్టేసి, గ్యాసు ఆపారు. సరిగ్గా అప్పుడే బంగారమ్మ గిన్నెతో సహా ఇంట్లోంచి వచ్చింది. "మాడింది, ఇంక పదండి" అంది. జనం కదిలారు. ఆఫీసరుకి ఒళ్ళు మండిపోయింది.

"ఎవరూ ఇక్కణ్ణుంచి కదలడానికి వీల్లేదు" అన్నాడు.

తర్వాత గ్యాసు పూర్తిగా పోయింది. రొయ్యల ఆడవాళ్ళు, కూలీలు ఎవరి ఇళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు. ఫైరింజను వెళ్ళిపోయింది. గరికిన వాళ్ళు నలుగురూ మాత్రం అక్కడే, ఉన్నవాళ్ళు ఉన్నట్టే నిలబడ్డారు. బంగారమ్మ చేతిలో మాడిన గిన్నె అలాగే ఉంది. ఎల్లాజీ చంకలో ఫ్యాను అలాగే ఉంది. పొద్దుగూకే వేళకి సౌదామిని గారు కారులో వచ్చి, ఏమైందని గాభరాగా అడిగింది.

"కదలొద్దన్నారండి" అన్నాడు తాతారావు, పెదాలు కదపకుండా.

ఆవిడ కదలమని చెప్పాక కదిలారు. జరిగిందంతా విని మేడం రోడ్డు పక్కన రాయి మీద కూచుండిపోయింది.

పై ఆఫీసులో మాత్రం ఈ సంగతి వేరేలా వినపడింది. పెద్ద లీకు, అయినా ఒక్కరికి కూడా దెబ్బ తగల్లేదు. వెనక షెడ్డుతో సహా ఫ్యాక్టరీ అంతా క్షణాల మీద ఖాళీ అయిపోయింది. ఇలాంటిది ఎక్కడా జరగలేదన్నారు. ఇంకేముంది, భద్రతలో మొదటి బహుమతి గరికిన వాళ్ళకి ప్రకటించారు. పైనుంచి పెద్దాఫీసరు వచ్చి సభ పెట్టి, శాలువా కప్పి, షీల్డు ఇచ్చాడు. ఆ పాఠం ఏ ముక్కా తీసెయ్యకుండా, ఉన్నది ఉన్నట్టు రేవు పొడుగునా ప్రతి ఐసు ఫ్యాక్టరీలోనూ వినిపించాలని ఆర్డరు వేశాడు.

సౌదామిని గారు వేదిక మీదే ఉంది. "సార్, అందులో మా అమ్మగారి ఫోను..." అని మెల్లగా చెప్పబోయింది.

"అదేనమ్మా అసలు కిటుకు" అన్నాడు పెద్దాఫీసరు. "జనాన్ని బయటికి తెచ్చింది ఆ ముక్కే. మీరు చాలా ఆలోచించి పెట్టారు."

జనం చప్పట్లు కొట్టారు. మేడం తల దించుకుని చేతులు జోడించింది. ఆ తర్వాత ఆ తీరంలో ఏ ఐసు ఫ్యాక్టరీకి పోయినా పొద్దున్నే మాడిన పప్పు కమురు కొట్టేది. తనిఖీకి వచ్చినవాళ్ళు ముందు గిన్నె అడుగు చూసేవాళ్ళు.

సభ అయ్యాక పెద్దాఫీసరు తాతారావు భుజం తట్టాడు.

"ఆ రోజు ఏం జరిగిందో, జరిగింది జరిగినట్టు రికార్డు చేసి మాకు పంపండి. మీ మాటలు, ఆ దగ్గులు, గ్యాసు చప్పుడు, ఫైరింజను గంట, అన్నీ వినపడాలి. కొత్తవాళ్ళకి పాఠంగా పెడతాం."

నలుగురూ షీల్డుతో ఇంటికొచ్చి ఆలోచనలో పడ్డారు.

"ఆ రోజు పెట్టె వాగింది గానీ ఏమీ వినలేదు కదన్నియ్యా. ఇప్పుడు అవన్నీ ఎక్కణ్ణుంచి తెస్తాం?" అన్నాడు పోలయ్య.

"దగ్గులు మనం దగ్గొచ్చు. గ్యాసు చప్పుడు నోటితో చేస్తే జరిగింది జరిగినట్టు అవదు. అబద్ధమవుద్ది" అన్నాడు తాతారావు.

"కొత్త నట్టేశారుగా. స్పానరు కూడా ఉంది" అన్నాడు ఎల్లాజీ.

ముగ్గురి మొహాలూ వెలిగిపోయాయి. అయితే తాతారావు బహుమతి వచ్చిన మనిషి. బాధ్యత తెలిసినవాడు. ముందు ఫైరు స్టేషనుకి ఫోను చేశాడు.

"హలో, రేపు భోజనాలయ్యాక సొరపేట ఐసు ఫ్యాక్టరీలో గ్యాసు లీకవుద్దండి. కాస్త ముందే బయల్దేరండి."

"రేపు లీకవుద్దని నీకెలా తెలుసు?" అన్నాడు అవతల ఆఫీసరు.

"మేమే కదండీ చేసేది. పోయినసారి మీ బండి గంట సరిగ్గా వినపడలేదు. ఈసారి గట్టిగా కొట్టుకుంటూ రండి, రికార్డులో పడాలి. రేపు మీకు వీలవకపోతే చెప్పండి, ఎల్లుండి పెట్టుకుందాం."

అవతల ఫోను ఠపీమని పెట్టేశారు. టీ చల్లారేలోపే రోడ్డు మలుపులో గణగణమని గంట వినపడింది. ఫైరింజను దుమ్ము రేపుకుంటూ ఫ్యాక్టరీ మీదికొస్తోంది. ముందు సీట్లోంచి ఆఫీసరు సగం బయటికి వేలాడుతూ, వద్దు వద్దని చేతులూపుతున్నాడు.

తాతారావు గుమ్మంలో నిలబడి చూసి నొచ్చుకున్నాడు.

"రేపు రమ్మంటే పాపం ఇయ్యాలే వచ్చేశారు. అంత దూరం నుంచి వచ్చినోళ్ళని ఊరికే తిప్పి పంపితే ఏం బాగుంటది? ఎల్లాజీ, నువ్వు పోయి ఆ నట్టు ఇప్పుడే ఇప్పెయ్యి."